మాస్కు పట్టీకి రెండు కుట్లు

రెండో అంతస్తు మలుపులో ఆమె మళ్ళీ ఆగింది, కమ్మీ పట్టుకుని.

“ఏమైందే?” నాలుగు మెట్లు కింద నుంచి రొప్పుతూ అడిగాడు కటింగ్ మాస్టారు.

“మీ కోసమే ఆగా. నెమ్మదిగా రండి, కొంపలేం మునిగిపోవు.”

ఆసుపత్రి లిఫ్టు పాడైంది. ఎంతోమంది నడుములు కొలిచిన మాస్టారి నడుము మాత్రం ఆయన టేపుకే అందదు. టేపు చుట్టాక మిగిలింది జానతో కొలుచుకోవాలి. భార్య సన్నం. పక్కన కూర్చుని కాజాలు కుడుతుంది. ఇద్దరూ కలిసి వీధిలోకి వస్తే, సూదీ దారపుండా బయల్దేరాయని జనం నవ్వుకునేవాళ్ళు.

ఆ ఒంటికి తోడు నిద్రజబ్బు. పడుకుంటే చాలు, గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోతుంది. పగలంతా కునుకుపాట్లు. మొన్నామధ్య కత్తెర ఆడిస్తూనే కునుకు తీశాడు. కోటు గుడ్డతో పాటు ఎడమచేతి వేలు కూడా తెగింది. ఆ రోజు నుంచి భార్యకు భయం పట్టుకుంది. ఈ మనిషి ఏదో ఒక రోజు నిద్రలోనే పోతాడని ఆమె బెంగ.

బరువు తగ్గించే ఆపరేషన్ చేస్తామన్నారు, ఒక షరతు మీద. మత్తిచ్చినప్పుడు ప్రమాదం లేకుండా, ముందు నెల రోజులు ముక్కుకు మాస్కు తగిలించుకుని, గాలి పంపే మిషన్‌తో పడుకోవాలి. రోజుకి నాలుగు గంటలు తగ్గకూడదు. మిషన్‌లోని కార్డు అంతా రాసుకుంటుంది. గంటలు తగ్గితే తేదీ ఇవ్వరు.

మొదటి రెండు రోజులూ మాస్టారు మాస్కు పీకి అవతల పారేశాడు. నూతిలో ముంచినట్టుందని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“ఏడవకండి. మాస్కు సంగతి నేను చూసుకుంటాగా,” అంది ఆమె. ఆ తర్వాత ఆ ఇంట్లో మాస్కు గొడవ వినపడలేదు.

డాక్టరమ్మ గదిలో కూర్చోగానే ఆమె చెప్పుల పట్టీలు వదులు చేసుకుంది.

“కరుస్తున్నాయా?” అడిగాడు మాస్టారు.

“కొంచెం.”

“నాకు ఒళ్ళొస్తోంది సరే, నీ చెప్పులు చిక్కిపోతున్నాయేంటే?”

ఆమె నవ్వింది. డాక్టరమ్మ వాళ్ళు తెచ్చిన సంచీలోంచి మాస్కు తీసి అటూ ఇటూ తిప్పింది.

“పట్టీకి ఈ కుట్లేమిటి?”

మాస్టారు నోరు తెరిచేలోపే భార్య అందుకుంది. “వదులై జారిపోతోందని నేనే వేశానండీ.”

“మంచి పని చేశారు. మొదటి రెండు రోజులు వదిలేస్తే, ఇరవై ఎనిమిది రోజులు ఒక్క నాగా లేదు. రోజుకి ఆరేసి గంటలు!”

“అయితే తేదీ ఇచ్చేస్తారా?” ఆమె మొహం వెలిగిపోయింది.

డాక్టరమ్మ కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. “ఇవ్వలేనమ్మా. ఈ గీత చూడండి. ఊపిరి అలలా పెరిగి, తగ్గి, పూర్తిగా ఆగిపోతోంది. గొంతు మూసుకుపోయి కాదు. మిషన్ గాలి పంపుతూనే ఉంది, మనిషే పీల్చడం లేదు. గుండె బాగా బలహీనపడ్డవాళ్ళలో ఇలా కనిపిస్తుంది. నెల కిందటి పరీక్షలో ఇది లేనే లేదు.”

మాస్టారు తెర వైపు వంగాడు. “గుండె... అలా ఉంటే ఎలా తెలుస్తుందండీ?”

“మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, మధ్యలో ఆగాలి. పాదాలు పొంగుతాయి, పాత చెప్పులే బిగుతవుతాయి.”

మాస్టారి చూపు నేల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ పడనంత భయం ఆయన్ని పట్టుకుంది.

“మా ఆయన గుండె గట్టిదండీ,” గబగబా అంది భార్య. “ఆయనకేం కాదు. మీరు ఆపరేషన్ తేదీ ఇచ్చెయ్యండి.”

“మొండిపట్టు పట్టకండమ్మా. ప్రాణంతో చెలగాటం ఇది. ముందు ఇవాళే గుండె పరీక్ష జరగాలి.” డాక్టరమ్మ మాస్టారి వైపు తిరిగింది. “పాదాలు ఒకసారి ముందుకు పెట్టండి, వాపు చూస్తాను.”

మాస్టారు కదల్లేదు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి.

“లేవండి, ఇంటికి పోదాం. ఏం మాట్లాడకండి,” భార్య చెయ్యి పట్టి లాగింది. ఆయన ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

“డాక్టరుగారూ, ఆ ఇరవై ఎనిమిది రోజులూ మాస్కు పెట్టుకుని పడుకున్నది ఈవిడండీ.”