అడిగేవాడికి తెలియని ప్రశ్న

"వారం రోజుల్లో ముప్ఫై ఆరు ప్రశ్నలకి ట్యాగ్ మార్చేశాడు. ఎవడీ జయకర్?"

శనివారం ఉదయం, విదేశంలో డండాక్ అనే ఊళ్ళో తన ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న గిరీష్ మొహం చిట్లించాడు.

ఇంట్లో వాడే యంత్రాల గురించి ఎవరైనా అడిగితే, తెలిసినవాళ్ళు జవాబు చెప్పే వెబ్‌సైట్ అది. ప్రశ్న దేని గురించో చెప్పే చిన్న గుర్తే ట్యాగ్. దాన్ని బట్టే ప్రశ్న ఆ విషయం తెలిసినవాళ్ళకి చేరుతుంది. నియమాలు తప్పకుండా చూసే మోడరేటర్లలో గిరీష్ ఒకడు. జీతం లేని పని. అయినా ఉద్యోగం కన్నా శ్రద్ధగా చేస్తాడు.

"ఏం మార్చాడు?" అంది అతని భార్య సాహితి.

"ఇంటి గోడకున్న అలారం కూస్తోంది, ఎలా ఆపాలి అని ఎవరో అడుగుతారు. 'శబ్దం' అని ట్యాగ్ పెడతారు. ఇతను అది తీసేసి 'విషవాయువు' అని పెడుతున్నాడు. ముప్ఫై ఆరూ అవే."

"మంచిదేగా?"

"ఖాతా తెరిచి నెల కాలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క జవాబు రాయలేదు. రోజూ ఒంటిగంటకి వస్తాడు, అరగంట ట్యాగులు మార్చి పోతాడు, డ్యూటీ చేసినట్టు. అలారంలు అమ్మే కంపెనీ మనిషే అయ్యుంటాడు. జనాన్ని భయపెడితే సరుకు కదులుతుంది."

"పేరు చూస్తే మనవాళ్ళలా ఉన్నారు. ఒకసారి మాట్లాడకూడదూ?"

గిరీష్ జయకర్‌కి తన నంబరు పంపి, ఫోన్ చేయమన్నాడు. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"వందనాలు బ్రదర్. వాటర్‌ఫోర్డ్ నుంచి జయకర్‌ని."

నెమ్మదైన గొంతు. నలభై దాటి ఉంటాయి.

"జయకర్ గారూ, మా నియమం చదివారా? అడిగినవాళ్ళు దేని గురించి అడిగితే దానికే ట్యాగ్. వాళ్ళు గ్యాస్ మాటే ఎత్తలేదు. మీ ఊహలకి ట్యాగులు పెట్టకూడదు."

"అడిగేవాడికి తనేం అడుగుతున్నాడో తెలియదు కదండీ."

"అంటే?"

"నిమిషానికోసారి కూస్తే బ్యాటరీ అయిపోయినట్టు. నాలుగుసార్లు కూసి, ఆగి, మళ్ళీ నాలుగుసార్లు కూస్తే, ఇల్లు వేడిచేసే బాయిలర్ చెడి ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు చేరినట్టు. దానికి రంగుండదు, వాసనుండదు. అందుకే వాళ్ళు శబ్దం గురించి అడుగుతారు. మీ సైట్‌లో బాయిలర్లు బాగుచేసేవాళ్ళున్నారు. నేను పెట్టే ట్యాగ్ ఉంటే వాళ్ళకి వెంటనే మెయిల్ వెళ్తుంది. 'శబ్దం' అని ఉంటే ఎవరూ తెరిచి చూడరు."

"మీరు అలారంలు అమ్ముతారా?"

"లేదండీ."

"బాయిలర్ల పని చేస్తారా?"

"కాదండీ. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేరర్‌ని. భోజనం టైములో ఈ పని చూసుకుంటాను."

"మరి మీకెందుకు ఇంత పట్టుదల?"



"తెలుసు కాబట్టి" అని ఫోన్ పెట్టేశాడు.

ఆ ముక్తసరి జవాబుతో గిరీష్ అనుమానం గట్టిపడింది.

"ఏదో దాస్తున్నాడు" అన్నాడు సాహితితో.

జయకర్ ఖాతాని నెల రోజులు ఆపేశాడు. ముప్ఫై ఆరు ప్రశ్నలకీ పాత ట్యాగే తిరిగి పెట్టాడు.

సాయంత్రానికి ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. "నన్ను ఆపినా ఫర్వాలేదు బ్రదర్. ట్యాగులు మాత్రం తీయకండి."



రెండు వారాలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం కార్లో అనే ఊరి నుంచి ఒక విద్యార్థిని ప్రశ్న పెట్టింది. అద్దె ఇంట్లో అలారం నాలుగేసి సార్లు మోగుతోందట. రేపు పరీక్ష, చదువు సాగడం లేదు, ఎలా ఆపాలి అని అడిగింది. ట్యాగ్ 'శబ్దం'.

ఎవరూ తెరవలేదు.

మర్నాడు ఆ అమ్మాయే కింద రాసింది. "ముగ్గురం ఆస్పత్రిలో ఉన్నాం. మూడు గంటలు ఇక్కడ జవాబు కోసం చూశాం. తలనొప్పి పరీక్ష బెంగ వల్ల అనుకున్నాం. పక్కింటాయన తలుపు బద్దలుకొట్టి బయటికి లాగకపోతే బతికేవాళ్ళం కాదు."



అది చదవగానే గిరీష్, జయకర్ ఖాతా మళ్ళీ తెరవబోయాడు. ఖాతా లేదు. ఆయనే మూసేసుకున్నాడు. ఫోన్ చేశాడు. ఆ నంబరు పనిచేయడం లేదు.

"ఇప్పుడెలా?" అన్నాడు.

"ముందు ఆయన చేసిన పని నువ్వు చెయ్యి" అంది సాహితి.

తను తీసేసిన ట్యాగులన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టాడు. ఇంకెన్ని మిగిలాయోనని పాత ప్రశ్నలు వెతుక్కుంటూ వెళ్ళాడు. తొమ్మిదేళ్ళ కిందటిది, ఎప్పుడో మూసేసిన ఖాతా నుంచి అడిగింది ఒకటి కనబడింది. జయకర్ దాన్ని ముట్టుకోలేదు.

"అలారం నాలుగేసి సార్లు మోగుతోంది. మా పాప నిద్ర లేచి ఏడుస్తోంది. ఎలా ఆపాలి?"

ట్యాగ్ 'శబ్దం'.

ఎవరో జవాబిచ్చారు. "బ్యాటరీ తీసేయండి, సరిపోతుంది."

అదే సరైన జవాబని అడిగినవాళ్ళే పచ్చ టిక్ పెట్టారు.

నాలుగు రోజుల తర్వాత, అడిగిన మనిషి దాని కింద ఒక్క మాట రాసి వెళ్ళిపోయాడు: "బ్యాటరీ తీశాను, పాప ఇక లేవలేదు. జయకర్, వాటర్‌ఫోర్డ్."