చెవిగారి కొత్త వైరు

"రేపట్నుంచి ఈ హాల్లో పాటల క్లాసు బంద్!" అన్నారు చెవిగారు, మోకాళ్ల మీద పాకుతూ.

చెవిగారన్నది ఆఫీసులో పెట్టిన పేరు. తిరుగుతున్న ఫ్యాను చప్పుడు విని దాని వయసు చెప్పగలనని ఆయన అనడం, విన్నవాళ్లు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోవడం అక్కడ మామూలే. ప్రస్తుతం ఆయన యాంప్లిఫయర్ దగ్గర్నుంచి స్పీకర్ల దాకా, హాలంతా చిన్న చిన్న చెక్క స్టాండ్లు నిలబెడుతున్నారు. కొత్తగా కొన్న వైరు వాటి మీదుగా వెళ్తుందట. నేలకి తగిలితే శబ్దం పాడైపోతుందట. ఆ వైరు మాత్రం ఇంకా మఖ్మల్ సంచీలో, సోఫా మీద, చంటిపిల్లలా పడుకుని ఉంది.

భార్య వంటగది గుమ్మంలో నిలబడి ఆ స్టాండ్ల వంక చూసింది. సాయంత్రం పూట చుట్టుపక్కల పిల్లలు చాప వేసుకుని ఆవిడ దగ్గర పాట నేర్చుకునే చోటు సరిగ్గా అదే.

"మరి పిల్లలు ఎక్కడ కూర్చుంటారండీ?"

"ఎక్కడైనా కూర్చోనీ. కాలు తగిలితే స్టాండ్లు పడిపోతాయి. చోటు లేకపోతే మానెయ్. అసలు పాటంటే ఏంటో వినిపించే వస్తువు ఇంటికొచ్చాక ఇంకా ఆ కాకిగోల దేనికి?"

ఆవిడ ముఖం మాడిపోయింది. రోజు మొత్తంలో ఆవిడ గొంతు విప్పేది ఆ కాసేపే. ఆయన ఆఫీసు నుంచి వచ్చారంటే ఆ పాటల సెట్టు నోరు తెరుస్తుంది, ఇల్లు నోరు మూసుకుంటుంది.

కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్న బావమరిదికి ఒళ్లు మండింది.

"ఇంతకీ ఆ వైరు ఎంత పెట్టి కొన్నారు బావా?"

చెవిగారు గర్వంగా చెప్పారు. బావమరిదికి కాఫీ పొలమారింది.

"ఆ డబ్బుతో ఫ్రిజ్ వచ్చేది. అందులో పెట్టుకోడానికి ఏడాదికి సరిపడా కూరగాయలూ వచ్చేవి."

"నీకు తేడా తెలీదులేరా. నీ చెవులు కళ్లజోడు తగిలించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు."

"మీకు తెలుస్తుందా?"

"కళ్లు మూసుకుని చెప్తా!"

"అయితే మూద్దాం. ఒకే పాట రెండుసార్లు పెడతా. ఏది పాత వైరో, ఏది కొత్తదో చెప్పండి. చెప్పారా, అక్క క్లాసు మానేస్తుంది. చెప్పలేకపోయారా, హాలు అక్కది, వైరు షాపువాడిది. సరేనా?"

"వద్దురా" అంది అక్క భయంగా. అప్పటికే చెవిగారు సోఫాలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బావమరిది ఆయన కళ్లకి తువ్వాలు గట్టిగా బిగించాడు.

మొదటిసారి పాట మొదలైంది. వాద్యాలేమీ లేకుండా ఒక్క ఆడగొంతు పాడే పాట. ఇంట్లోకి ఏ కొత్త సామాను వచ్చినా చెవిగారు దాన్ని పరీక్షించేది ఆ పాటతోనే.

"పాత వైరు" అన్నారాయన వెంటనే, మూతి తిప్పుతూ. "తలగడ అడ్డం పెట్టుకుని పాడినట్టు లేదూ? ఛీ ఛీ!"

"కరెక్టే బావా" అన్నాడు బావమరిది. పాట ఆగింది.

చెవిగారు మీసం సవరించుకున్నారు. తర్వాత ఏవో గుసగుసలు, చీర కుచ్చిళ్ల చప్పుడు వినిపించాయి.

"ఏంట్రా అక్కడ? వైరు మార్చడానికి ఇద్దరు కావాలా?"

"స్టాండ్లు పడిపోతాయని మీరే అన్నారుగా. అక్కని సాయం పిలిచా."

కాసేపటికి మళ్లీ అదే పాట మొదలైంది. మొదటి మాటకే చెవిగారి ఒళ్లు జలదరించింది. రెండో మాటకి ఆయన ముందుకి వంగారు. చరణం వచ్చేసరికి, ఎంత చెవిగారైనా మనిషే కదా, తువ్వాలు తడిసింది.

"ఇదీ! ఇదిరా కొత్త వైరంటే!" అని అరిచారు. "ఆ ఊపిరి వినపడిందా? అదిగో, గాజులు కూడా చప్పుడయ్యాయి! ఇన్నాళ్లూ ఆ దిక్కుమాలిన పాత వైరు ఈవిడ గొంతే మార్చేసిందిరా. అచ్చం వేరే మనిషి పాడుతున్నట్టుంది!"

"కొత్త వైరేనంటారా? బాగా ఆలోచించుకోండి బావా."

"తల తాకట్టు పెడతా! మీ అక్క ఎక్కడుంది? ఇలా వచ్చి కూర్చోమను. పాడటమంటే ఏంటో ఇప్పటికైనా తెలుస్తుంది."

"వింటూనే ఉందిలెండి."

పాట సాగుతూనే ఉంది. చెవిగారు తువ్వాలు మీద నుంచే కళ్లు ఒత్తుకున్నారు.

"ఈ మహాతల్లి నిజంగా మనింటికొచ్చి పాడతానంటే, ఈ స్టాండ్లన్నీ నా చేతుల్తో పీకి పారేసి, చాప నేనే పరుస్తానురా."

"మాట మీద ఉంటారా?"

"ఒక్కసారి అన్నానంటే అన్నట్టే!"

"అయితే ఆ తువ్వాలు తీసి, చాప తీసుకురండి బావా."

చెవిగారు తువ్వాలు లాగేశారు. సెట్టు లైటు ఆరిపోయి ఉంది. రెండు స్పీకర్ల మధ్య నేల మీద, ముడి విప్పని మఖ్మల్ సంచీ ఒళ్లో పెట్టుకుని, ఆయన భార్య ఆఖరి చరణం పాడుతోంది.