మెడలో కేబుల్

కొత్త సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు, బయటివాళ్ళెవరూ చొరబడకుండా మా గురువుగారు నెట్‌వర్క్ కేబుల్ పీకి మెడలో వేసుకునేవారు. ఆయన పోయాక నేనూ అంతే.

ఆ రాత్రి ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. ముందురోజే డబ్బాలోంచి తీసిన లైనక్స్ మెషీన్ మీద మెయిల్ సర్వర్ ఎంతకీ నడవలేదు. విసుగొచ్చి, ఏ ఫైలునైనా ఎవరైనా మార్చుకునేలా అనుమతులిచ్చేశాను. వెంటనే నడిచింది. ఆయనుంటే, "తలుపులు బార్లా తీసి పడుకుంటావా అమ్మాయ్?" అని చీవాట్లు పెట్టేవారు.

కాఫీ తెచ్చుకుని వచ్చి చూస్తే అనుమతులన్నీ మూసి ఉన్నాయి. అవసరమైన ఒక్క ఫోల్డరే తెరిచి ఉంది. అయినా సర్వర్ భేషుగ్గా నడుస్తోంది. ఎంత శుభ్రమైన పని! నాకు చచ్చినా చేతకాదు. అలా చేయగలిగిన మనిషిని ఒక్కరినే ఎరుగుదును.

మెడ తడుముకున్నాను. కేబుల్ అక్కడే ఉంది.

మెషీన్ లోపల ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో చూశాను. నా పేరు కింద ఆయన పేరు.

"మీరేనా గురువుగారూ?" పైకే అనేశాను.

మెషీన్ ఫ్యాన్ల హోరు ఆగిపోయింది. తెర మీద అక్షరాలు మెల్లగా పడ్డాయి.

"తలుపులు మూశాను అమ్మాయ్. కానీ ఆలస్యమైంది. లోపలికి నేనొక్కణ్ణే రాలేదు."