పిడి మీద ఇంకో చెయ్యి

ముసలామె మళ్ళీ వచ్చి వీల్‌చైర్ పిడి పట్టుకుంది.

"చెయ్యి తియ్యి!" అని సిద్ధమ్మ తెలుగులోనే కసిరింది.

ముసలామెకు తెలుగు రాదు. నవ్వి, దారి పక్కనున్న బెంచీ చూపించింది, కూర్చో అన్నట్టు.

కుర్చీలో ఉన్నది మామా, అంటే అమ్మగారు. కువైట్‌లో, ఎగైలాలో, సిద్ధమ్మ పనిచేసే ఇంటి పెద్దామె. మోకాళ్ళ నొప్పులకని కొడుకూ కోడలూ ఆమెను జార్జియాలోని ఈ వేడినీటి బుగ్గల ఊరికి తీసుకొచ్చారు.

సోవియట్ల కాలంలో ఇక్కడికి రైళ్ళ నిండా జనం వచ్చేవారట. ఇప్పుడు ఆ స్తంభాల మేడలకు కిటికీలు లేవు. పైకప్పుల్లో చెట్లు మొలిచాయి. స్నానాల మందిరాలు ఒకటో రెండో నడుస్తున్నాయి. పార్కులోంచి వాటికి పోయే దారంతా ఎత్తు.

ఆ ఎత్తులోనే ముసలామె రోజూ ఎదురయ్యేది. అతుకుల కోటు, తలకు గుడ్డ.

"పోనీలే అక్కా," అంది ఆ ఇంటి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన మెర్సీ. "పెద్దావిడ సాయం చేత్తానంటే కసురుకుంటావేంటి? నన్నడిగితే ఈ కోతుల్నిద్దర్నీ ఇచ్చేద్దును."

"నవ్వుతా ఉండు నువ్వు. మన పక్కింట్లో చేసే కుల్సుమ్ బీ పని ఎట్ల పోయిందో మర్చిపోయినావా? రంజాన్‌లో చేతిసాయానికని ఒకామెను పిల్చుకునె. పండగ కాంగానే ఆ ఇంటోళ్ళు కొత్తామెనే పెట్టుకునిరి."

"ఇదేవన్నా కువైట్టా? ఈవిడికి వీసా ఎవరిత్తారు?"

"మామా తల్చుకుంటే ఎంతసేపు?"

సిద్ధమ్మ భయం సిద్ధమ్మది. రాయచోటి దగ్గర పల్లెలో ఆమె తల్లి మంచం పట్టి ఉంది. ఫోన్లో "ఎప్పుడొస్తావే?" అని తప్ప ఇంకో మాట అడగడం లేదు.

"అక్కడ నన్ను బాగా చూసుకో. రాగానే సెలవిస్తాను," అని బయల్దేరేముందు మామా మాటిచ్చింది. ఆ మాటను ఈ పిడికే కట్టి ఉంచినట్టు, సిద్ధమ్మ దాన్ని ఎవరినీ తాకనివ్వలేదు.

ఆ రోజు కాళ్ళు పీకుతుంటే బ్రేకు వేసి, చెయ్యి వదిలి ఒక్క క్షణం ఆగింది. అంతలోనే ముసలామె కుర్చీని ఎత్తు మీదికి చేర్చేసింది.

మామా వెనక్కి తిరిగి నవ్వింది.

"ఎంత మెత్తగా తోస్తుందో చూడు! నువ్వయితే ఒక్క గుంతా వదలవు."

సిద్ధమ్మ పరుగున వెళ్ళి పిడి లాక్కుంది.

"మామా, హరామీ!" అని అరిచింది. "దొంగ! మీ సంచిలో చెయ్యి పెట్టింది. నేను చూసినా."

మామా సంచిని గుండెలకు హత్తుకుని కేకలు పెట్టింది. పార్కు కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు. సిద్ధమ్మ సంచినీ, ముసలామె చేతినీ చూపించింది. దానికి భాష అక్కర్లేకపోయింది.

ముసలామె అందరి ముఖాలూ చూసింది. ఏదో చెప్పబోయింది. వాడు భుజం పట్టి గేటు వైపు నెట్టాడు. గేటు దాటేముందు ఆమె వెనక్కి తిరిగి, సిద్ధమ్మకు మళ్ళీ ఆ బెంచీ చూపించింది.

"నిజంగా చూశావా అక్కా?" అంది మెర్సీ మెల్లగా.

సిద్ధమ్మ కుర్చీని ముందుకు తోసింది.

తర్వాత ముసలామె ఆ దారిలో కనబడలేదు. ఎత్తు ఎక్కేటప్పుడల్లా సిద్ధమ్మ తల వంచుకునే తోసింది.

ఎగైలాకు తిరిగొచ్చాక మామా మాట నిలబెట్టుకుంది.

"దొంగ చేతికి నన్ను చిక్కనివ్వలేదు నువ్వు. వెళ్ళు, మీ అమ్మను చూసిరా. టికెట్ తీయమన్నాను."

అబద్ధం చెప్పానన్న మాట సిద్ధమ్మకు నోటిదాకా వచ్చింది. తల్లి గొంతు గుర్తొచ్చింది. మింగేసింది.

పెట్టె సర్దుకుంటుంటే మామా మళ్ళీ పిలిచింది. ఆమె చేతిలో ఫోను. జార్జియాలో వాళ్ళను తిప్పిన టాక్సీ డ్రైవరు గొంతు అందులో వినిపిస్తోంది. గల్ఫ్ వాళ్ళతో తిరిగి తిరిగి అరబ్బీ నేర్చినవాడు.

మామా ఫోను ఆపింది.

"ఆ ముసలామె ఇతన్ని వెతుక్కుంటూ వచ్చిందట. నేనేం తప్పు చేశానో అడిగి చెప్పు అని ఏడ్చిందట. దొంగ కాదట సిద్ధా."

సిద్ధమ్మ నేల చూసింది.

"ఆమె నాలాంటి వాళ్ళ కోసం రాదట. మా వెంట వచ్చే మీలాంటి వాళ్ళ కోసం వస్తుందట."

"మాకోసమా? ఎందుకు మామా?"

మామా ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"ఆమె కూతురు ఇటలీలో ఎవరో ముసలామెను ఇలాగే కుర్చీలో తోస్తూ ఉందట, ఏళ్ళ తరబడి ఇంటికి రాలేదట, ఆ ఎత్తు మీద నీ చేతులకు తాను కాసేపు విశ్రాంతి ఇస్తే, అక్కడ తన బిడ్డకు ఎవరో ఒకరు ఇస్తారని ఆ తల్లి మొక్కుకుందట."