ఎదురింటి రాతిపలక

వయొలిన్ మాస్టారు పోయి రెండేళ్లయినా, రాత్రి దీపం ఆర్పగానే ముందు గదిలో ఆయన తీగలు సవరించుకునే చప్పుడు వినిపించేది. ఆయన భార్యకు అదేమీ భయం కాదు. అది చెవిన పడితేనే ఆమెకు కునుకు పట్టేది.

ఒకరోజు నగరపాలక సంస్థ వాళ్లు మాస్టారి పేరుతో ‘ప్రసిద్ధ విద్వాంసులు ఇక్కడ నివసించారు’ అని చెక్కిన రాతిపలక తెచ్చి, ఏళ్లుగా తాళం వేసి ఉన్న ఎదురింటి గోడకు బిగించేశారు.

"ఇల్లు పొరబడ్డారు నాయనా, మేమున్నది ఇక్కడ!" అని ఆమె మొత్తుకుంది.

"మాకిచ్చిన చిరునామా ఇదేనమ్మా," అని మేస్త్రి తాపీ కడుక్కుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి ముందు గది మూగబోయింది. ఆమె చెవులు రిక్కించి పడుకుంది. చాలాసేపటికి వీధికి అవతలి నుంచి తీగ సన్నగా మోగింది.

చెప్పులైనా వేసుకోకుండా పరుగున వెళ్లి, తాళం వేలాడుతున్న ఆ తలుపు తట్టింది.

"ఏమండీ, నేనండీ! మనిల్లు ఇది కాదు, వచ్చేయండి."

తీగ ఆగింది. అడుగులు తలుపు దాకా వచ్చాయి.

"ఎవరు కావాలమ్మా?"

ఆయన గొంతే. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పటి మర్యాద అందులో ఉంది.

ఆమె తలుపు మీది చేయి మెల్లగా తీసేసింది.

"ఎదురింటిదాన్నండీ," అంది. "కాస్త కిటికీ తెరిచి వాయిస్తారా?"