ఆవిడ కోసం కట్టిన ప్యాకెట్

పెళ్లయి ఇంకా నెల నిండలేదు. అప్పుడే మొగుడు ఇంకొకావిడ కోసం మోచేతుల దాకా వేడినీళ్లతో చేతులు కడుక్కుంటున్నాడు.

వంటింటి కిటికీలోంచి చూస్తే కింద వాళ్ల మాంసం షాపు కనిపిస్తుంది. రెండు రోజులుగా షట్టరు సగం దించే ఉంది. ‘మరమ్మతులు’ అని బోర్డు పెట్టాడు. మరమ్మతు చేసేవాడు ఒక్కడూ రాలేదు. వచ్చిందల్లా ఆవిడే. నిన్న వచ్చి, ఇల్లు కొనబోయేదానిలా మూలమూలా చూసి వెళ్లింది.

పొద్దున ఆయన ఫోనులో గొంతు తగ్గించి, “మేడమ్, మీరు ఒక్క మాట చెప్పేదాకా నాకు ముద్ద దిగదు” అనడం కొత్త పెళ్లాం చెవులారా వింది.

“ఎవరండీ?”

“తెలిసినావిడలే. నీకెందుకా గోల.”

ఒళ్లు భగ్గుమంది.

ఇప్పుడేమో కొత్త చేతితొడుగులు వేసుకుని, కాస్త కైమా తీసి, కవర్లో పెట్టి, మూతి బిగించి, చీటీ అంటించాడు. తనకి తెచ్చిన మొదటి కానుక, ఒక దువ్వెన, పాత కాగితంలో చుట్టి ఇచ్చాడు. దానికే ఆమె మూడు రోజులు మురిసిపోయింది.

ప్యాకెట్ పైకి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. “ఐసు తీసుకొస్తా. ఈలోపు ఆవిడొస్తే ఇచ్చెయ్. విప్పకు సుమా.”

విప్పకు అన్నాక కూడా విప్పకపోతే ఆమె పెళ్లామెలా అవుతుంది?

ఫ్రీజరు అడుగున ఎప్పటిదో కైమా రాయిలా పడి ఉంది. దాన్ని నీళ్లలో కరిగించి ఆ కవర్లోకి మార్చింది. చీటీ చెక్కు చెదరలేదు. కొత్త కైమా స్టీలు డబ్బాలోకెక్కి ఫ్రీజర్లో దాక్కుంది.

‘నీకు పాతదే ఎక్కువ తల్లీ’ అనుకుంది.

ఆవిడ నీలం ఐసుపెట్టెతో వచ్చింది. ప్యాకెట్ అందుకుని, “మీ ఆయనలాంటివాళ్లు అరుదమ్మా” అంది.

“నాకు తెలుసులెండి” అంది ఈమె, పళ్ల బిగువున.

ఆ తర్వాత మూడు రోజులు ఆయన మాంసం ముట్టలేదు. కింద షాపులోని పెద్ద ఫ్రీజరుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని తిరిగాడు. వలపు తలకెక్కితే మనిషి ఇలాగే అవుతాడు కాబోలు.

నాలుగో రోజుకి పెళ్లయి సరిగ్గా నెల. డబ్బా బయటికి తీసింది. కైమాని బిళ్లలు చేసి పెనం మీద అటొకసారి, ఇటొకసారి తిప్పింది. లోపల కాస్త ఎర్రగా ఉంటేనే మెత్తగా ఉంటాయని కాలేజీలో స్నేహితురాలు చెప్పింది.

పళ్లెం చూసి ఆయన ఆగిపోయాడు. “ఈ కైమా ఎక్కడిది?”

“ఫ్రీజరు అడుగున మీరెప్పుడో పెట్టిందే.”

“హమ్మయ్య” అన్నాడు.

మొదటి ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టాడు. తర్వాత ఆపకుండా నాలుగు తిన్నాడు. “ఇంకో రెండు వెయ్యి. ఇన్నాళ్లూ ఈ వంట ఎక్కడ దాచావు?” ఆమెకి నేల మీద కాలు ఆనలేదు. ఆవిడ మీద గెలిచేసింది.

ఫోను మోగింది. వేళ్లకి నూనె. ఆయన మోచేత్తో స్పీకరు నొక్కాడు. ఆవిడే.

“ల్యాబ్ నుంచండీ, మీ కైమా తిని నలుగురు ఆసుపత్రి పాలయ్యారని భయపడి మీరు పరీక్షకిచ్చిన ప్యాకెట్‌లో ఏ క్రిమీ లేదు, తాళం వేసిన మిగతాదంతా రేపు నిశ్చింతగా అమ్ముకోండి.”