విన్నది విన్నట్టు

చారల చొక్కా ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంటూనే దెబ్బలాట మొదలుపెట్టాడు.

“ఇదంతా అబద్ధం కదండీ?”

టైలరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆవిడ ముందు బల్లమీద ఒక అట్టముక్క నిలబెట్టి ఉంది. దానిమీద ఆవిడ కథ పేరు: ‘స్పృహ లేకుండా పడుకుని విన్న మనిషి’.

ఆదివారాలు ఆ హాల్లో మనుషులే పుస్తకాలు. ఓ బల్ల దగ్గర రెండుసార్లు పిడుగు పడ్డా బతికిన లైన్‌మన్, ఇంకో బల్ల దగ్గర దొంగతనాలు మానేసిన దొంగ. ఎవరి కథ కావాలంటే వాళ్ల ఎదురుగా వచ్చి కూర్చోవాలి. వినేవాళ్లు ఏమైనా అడగొచ్చు. చెప్పేవాళ్లు మాత్రం ఎదుటివాళ్లని ఏమీ అడక్కూడదు. పేరు అడక్కూడదు, ఎందుకొచ్చారనీ అడక్కూడదు. ఇష్టం లేకపోతే అట్టముక్కని బోర్లా పెట్టెయ్యొచ్చు, అంతే.

టైలరమ్మకి అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు. ఈయన్ని పంపిందెవరో చూడగానే తెలిసిపోయింది. అక్క.

బస్సు మెట్టుమీంచి జారిపడి, తలకి దెబ్బ తగిలి, టైలరమ్మ నెలల తరబడి ఆసుపత్రిలో కట్టెలా పడి ఉన్నప్పుడు మంచం పక్కన కూర్చున్నది ఆ అక్కే. “ఇది పోతే పీడ విరగడైపోతుంది” అన్నదీ ఆ అక్కే. లేచాక టైలరమ్మ ఆ మాట వదల్లేదు. అడిగినవాళ్లందరికీ చెప్తోంది. అక్క పరువు బజార్న పడింది. ఆ చెప్పడమేదో మాన్పించమని ముందు బావని పంపింది. తర్వాత బావ స్నేహితుణ్ణి, ఓ ప్లీడర్ని పంపింది. ఇప్పుడు ఈ శాల్తీ.

ప్లీడరే నయం, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. ఈయన చొక్కా చూస్తే దాంతోనే పడుకుని లేచినట్టుంది. ఒక గుండీ తీసుకెళ్లి ఇంకో కాజాలో పెట్టుకున్నాడు. అక్కకి మనుషులు కూడా చవగ్గానే దొరుకుతారు అనుకుంది టైలరమ్మ.

“అబద్ధమైతే మీరింత దూరం వచ్చి అడగరు,” అంది.

“వినపడే అవకాశం లేదని డాక్టర్లే అంటున్నారు.”

“డాక్టర్లు నాలాగా పడుకుని చూడలేదు.”

“మందుల మత్తులో ఏవేవో కలలొస్తాయి. అవి పట్టుకుని పక్కనున్నవాళ్లమీద నిందలేస్తారా?”

“నింద కాదు. విన్నది విన్నట్టు చెప్తున్నాను.”

“ఏమీ వినపడలేదని చెప్పండి.” ఆయన ముందుకు వంగాడు. “ఒక్కసారి ఆ మాట అనండి చాలు. లేచి వెళ్లిపోతాను.”

బావ కూడా ఇదే అడిగాడు. ప్లీడరూ ఇదే అడిగాడు. టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది.

“చచ్చినా అనను.”

“సరే, అన్నారే అనుకోండి. రాత్రనకా పగలనకా ఆ మంచం పక్కన కూర్చుంటే ఎవరైనా విసిగిపోరా? ఎవరికైనా నోరు జారదా? చేసిన చాకిరీ అంతా గాలికి పోయి, ఆ ఒక్క మాటే మిగిలిందా మీకు?”

అచ్చం అక్క మాటలే. అప్పగించిన పాఠం బాగానే వల్లించాడు.

“ఆ ఒక్క మాటే మిగిలింది,” అంది టైలరమ్మ.

ఆయన బల్ల గుద్దాడు. పిడుగుకి చావని లైన్‌మన్ ఆ చప్పుడికి ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

“మెల్లిగా. ఇది మీ ఇల్లు కాదు.”

“అసలు ఎంత విన్నారు మీరు? అంతా విన్నారా? ఏ మాట ఎవరన్నారో కూడా తెలిసిందా?”

నిజానికి టైలరమ్మ విన్నది అక్క అన్న ఆ ఒక్క మాటే. మిగిలినదంతా గోడ అవతల రేడియో మోగుతున్నట్టు ఒకటే రొద. కథ విన్నవాళ్లందరికీ ఆ సంగతి కూడా దాచకుండా చెప్పేది. ఇవాళ చెప్పబుద్ధి కాలేదు. పోయి చేరవెయ్యనీ. అక్కకి ఇవాళ కంటిమీద కునుకు పడకూడదు.

“ప్రతి మాటా విన్నాను,” అంది. “గొంతు దించి అన్నవి, ఫోన్లో అన్నవి, చెవిలో గొణిగినవి. అడుగుల చప్పుడుని బట్టే ఎవరొచ్చారో తెలిసిపోయేది.”

చారల చొక్కా ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి టైలరమ్మకి కడుపు నిండినట్టయింది.

“లేచాక... చెప్పేశారా?”

“నోట మాట రాగానే మొట్టమొదట చెప్పింది అదే. డాక్టరు ముందు, నర్సుల ముందు, అందరి ముందూ కడిగేశాను.”

“తర్వాతైనా... క్షమించడం...”

“ఈ జన్మలో లేదు. కాళ్లమీద పడి ఏడ్చినా లేదు. ఆ ముఖం మళ్లీ నా కంటపడటానికి వీల్లేదు. వెళ్లి ఈ మాటే చెప్పండి.”

“ఎవరికి?” అన్నాడాయన అయోమయంగా.

నటన కూడా నేర్పించి పంపింది అనుకుని, టైలరమ్మ అట్టముక్కని ఠపీమని బోర్లా పెట్టేసింది.

ఆయన లేచాడు. కాళ్లీడ్చుకుంటూ తలుపు దాకా వెళ్లి, గోడకి ఆనుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. అక్కకే చేస్తున్నాడు, ఇంకెవరికి? టైలరమ్మ చెవులు రిక్కించింది.

“నర్సమ్మా,” అంటున్నాడు ఆయన, “ఇన్నాళ్లకి ఇవాళ పొద్దున కళ్లు తెరిచిన మా ఆవిడ నాకోసం అడిగితే, నేనింక రానని చెప్పండి.”